మధ్యలో తాతగారు

నాకు కోపం ఎక్కువని మా అమ్మ కనిపించినవాళ్ళందరికీ చెబుతుంది. అది నిజం కాదు. న్యాయంగా రావలసినప్పుడు మాత్రమే వస్తుంది. ఆ ఆదివారం వచ్చిన కోపమైతే నూటికి నూరుపాళ్ళూ న్యాయమైనదని మీరే ఒప్పుకుంటారు.

మాది కళ్ళజోళ్ళ షాపు. ముందు గదిలో అమ్మ కౌంటరు చూసుకుంటుంది. వెనక గదిలో నేను అద్దాలు అరగదీస్తాను. ఆ మెషీను పక్కనే నా రేడియో సెట్టు ఉంటుంది. పాటలు వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, మేడ మీద గొట్టం పాతి తీగ కట్టుకుంటే ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఎంత దూరమైనా మాట్లాడొచ్చు. హ్యామ్ రేడియో అంటారు. "అదేదో ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదరా" అంటుంది అమ్మ. ఎన్నోసార్లు వివరించాను. ఇక వివరించే ఓపిక లేదు.

మాకు పోటీలుంటాయి. పోటీ రోజు ఎక్కువమందితో మాట్లాడినవాళ్ళు గెలిచినట్టు. ఒక ఫ్రీక్వెన్సీ చూసుకుని అక్కడే కూర్చుని పిలుస్తూ ఉండాలి. పలికినవాళ్ళకి మన పోటీ వరస నంబరు ఇచ్చి, వాళ్ళ నంబరు తీసుకుని, థాంక్యూ చెప్పి, తర్వాతివాళ్ళని అందుకోవాలి. ఆ రోజు గాలంతా సంత. సెట్టు మీది చక్రం కాస్త కదిపితే ఇంకొకరి గొంతు మీద పడతాం. అందుకే మాలో మాకు కొన్ని మర్యాదలున్నాయి. ఖాళీ కనిపించింది కదా అని చతికిలబడకూడదు. "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడగాలి. ఆగి మళ్ళీ అడగాలి. ఎవరూ పలకకపోతేనే కూర్చోవాలి.

నేను అడిగాను. నా గొంతు నాకే విసుగు పుట్టేదాకా అడిగాను. ఎవరూ పలకలేదు. కూర్చున్నాను.

కాసేపటికి ఎవరో మగాయన గొంతు వినిపించింది. "కళ్ళజోడూ, నువ్వు సూది మీద కూర్చున్నావు."

కళ్ళజోడంటే నేను. షాపు వల్ల వచ్చిన పేరు.

"ఎవరి మీద?" అన్నాను.

"సూది మీదయ్యా. ఆ అమ్మాయి పొద్దున్నించి ఈ ఫ్రీక్వెన్సీలోనే ఉంది. నిన్ను తిట్టిపోస్తోంది. వినిపించడం లేదా?"

చెవులు రిక్కించి విన్నాను. గాలి బుస తప్ప ఇంకేమీ లేదు.

సూది సంగతి వినే ఉన్నాను. పక్క ఊళ్ళో ల్యాబులో రక్తం తీసే అమ్మాయి. బస్సెక్కితే కునుకు తీసేలోగా వచ్చేసే ఊరు. అంత దగ్గర మనిషి నాకెందుకు వినిపించదంటే, మేం వాడే తరంగాల తీరే అంత. తరంగం పైకి వెళ్ళి, ఆకాశాన్ని తాకి, ఎక్కడో దూరంగా దిగుతుంది. మేడ మీంచి బలంగా విసిరిన బంతి పక్కింట్లో పడకుండా నాలుగు వీధుల అవతల పడినట్టన్నమాట. దూరాన ఉన్నవాళ్ళందరికీ మేమిద్దరం వినిపిస్తాం. మాకు మాత్రం ఒకరికొకరం వినిపించం. ఆవిడ అడిగే కూర్చుంది, నేనూ అడిగే కూర్చున్నాను. ఇద్దరం మర్యాద తప్పలేదు, ఇద్దరం ఒకే కుర్చీలో ఉన్నాం.

కానీ ఆ క్షణాన నాకు అంత శాంతంగా ఆలోచించే తీరిక లేదు. నా క్యూ చెదిరిపోతోంది.

అప్పుడు దిగారు తాతగారు. "నేను అందిస్తాను, ఆగండి" అన్నారు.

తాతగారు నాకు బంధువేమీ కాదు. రేడియోలో అందరికీ తాతగారే. ఉద్యోగమంతా ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేసి, తుఫానుల మధ్య కబుర్లు అందించిన మనిషి. ఎక్కడో చాలా దూరాన ఉంటారు కాబట్టి ఆయనకి మేమిద్దరం శుభ్రంగా వినిపిస్తాం, ఆయన మా ఇద్దరికీ వినిపిస్తారు. ఇద్దరి మధ్య కబురు మోసేవాడు అక్షరం మార్చకూడదని కొత్తవాళ్ళకి పాఠం చెప్పేది కూడా ఆయనే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

"ఆవిడకి చెప్పండి తాతగారూ, నేను అడిగే కూర్చున్నాను. ఈ ఫ్రీక్వెన్సీ ఏమన్నా వాళ్ళ నాన్న రాసిచ్చాడా? అంత పొగరు పనికిరాదని చెప్పండి."

తాతగారు ఒకసారి దగ్గి, ఆవిడకి అందించారు. "అమ్మాయీ, అబ్బాయి చాలా బాధపడుతున్నాడమ్మా. మీ చోటని తెలియక కూర్చున్నాడట. మీలాంటి మంచి ఆపరేటరుకి అడ్డొచ్చినందుకు సిగ్గుగా ఉందంటున్నాడు."

నేను నోరు తెరిచాను. తాతగారి మాట నాకు వినిపిస్తుంది కదా. ఆయన పెద్దాయన, అందరి ముందూ కాదనలేను. పైగా మంచి పేరు వస్తుంటే అడ్డుపడడానికి నేనేమన్నా పిచ్చివాణ్ణా? ఊరుకున్నాను.

ఆవిడ జవాబు చెబుతున్నంతసేపూ నాకు బుస. తర్వాత తాతగారు: "అబ్బాయీ, ఆ అమ్మాయి అంటోంది, పొరపాట్లు ఎవరికైనా సహజమేనట. మీరు చాలా పద్ధతైన మనిషని అందరూ అంటుంటే విన్నదట. వీలైతే కాస్త పైకి జరగగలరా అని అడుగుతోంది."

ఆవిడ అసలు అన్నదేమిటో నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. మీకిప్పుడే చెప్పేస్తాను, నాతోపాటు మీరూ మోసపోవడం దేనికి. "ఆ మనిషి పని అందరికీ కళ్ళజోళ్ళు పెట్టడమేగా, ముందు తన బుర్రకి ఒకటి పెట్టుకోమనండి. తక్షణం లేవకపోతే వచ్చి తీగ కత్తిరిస్తాను." ఇదీ ఆవిడ చెప్పింది.

నా మాటలు తాతగారు మార్చడం నా చెవులారా విన్నాను. మరి ఆవిడ మాటలు కూడా మారుస్తున్నారేమోనన్న అనుమానం నాకు రావాలా వద్దా? రాలేదు. మనల్ని ఎవరైనా పద్ధతైన మనిషంటే, అందులో అబద్ధముంటుందని ఎందుకనిపిస్తుంది? ఎంత మంచి పిల్ల అనుకుని పైకి జరిగాను.

మరుసటి ఆదివారం పోటీ లేదు. అయినా పనేమీ లేనట్టు అదే ఫ్రీక్వెన్సీకి వెళ్ళాను. తాతగారున్నారు. "ఆ అమ్మాయి కూడా ఉందయ్యా" అన్నారు.

"అలాగా. కులాసాగా ఉందేమో అడగండి" అన్నాను. అంతే అన్నాను.

"అమ్మాయీ, వారమంతా మీ గురించే ఆలోచిస్తున్నాడట. కులాసాగా ఉన్నారా అని అడుగుతున్నాడు" అన్నారు తాతగారు. నా చెవులు వేడెక్కాయి. కానీ కాదనలేదు. ఎందుకంటే అప్పటికి అది అబద్ధం కాదు.

అలా అలవాటైపోయింది. ఆదివారం మధ్యాహ్నం షాపు మూసేసి సెట్టు ముందు కూర్చునేవాణ్ణి. నేను ముక్తసరిగా ఒక మాట చెబితే తాతగారు దానికి పంచదార పాకం పట్టి ఆవిడకి అందించేవారు. "జలుబు చేసిందని చెప్పండి" అంటే, "మీరు పలకరించాక సగం తగ్గిపోయిందంటున్నాడు" అయ్యేది. "సరే, ఉంటానని చెప్పండి" అంటే, "వెళ్ళాలని లేదు కానీ వెళ్ళక తప్పడం లేదంటున్నాడు" అయ్యేది. ఆయన ఎలాగూ బాగానే చెబుతారు కదా అని నాకు బద్ధకం కూడా పెరిగింది.

ఇందులో ఇంకో వింత ఉంది. మా ఇద్దరికీ సగం సగమే వినిపిస్తుంది కానీ, దూరాన ఉన్న ఆపరేటర్లందరికీ మా ఇద్దరి అసలు మాటలూ, మధ్యలో తాతగారి కల్పనలూ మొత్తం వినిపిస్తాయి. ఆదివారమయ్యేసరికి వాళ్ళు పనులు మానుకుని మరీ కూర్చునేవాళ్ళట. ఒక్కడైనా నోరు విప్పి నాకు చెప్పాలా? చెప్పలేదు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరకూడదనేది మా మర్యాదల్లో మొదటిది. అంత మర్యాదస్తులు పోటీ రోజున ఎక్కడికి పోతారో నాకు తెలియదు.

ఫోన్ నంబరు అడగొచ్చు కదా అంటారు. అంతమంది వింటుండగా, తాతగారి నోటితో, ఒక ఆడపిల్లని ఫోన్ నంబరు అడిగించే ధైర్యం మీకుంటే మీరు అడగండి.

ఒకరోజు మాత్రం తాతగారు కాస్త ఆగి, ఎప్పుడూ లేనంత మామూలుగా చెప్పారు. "అబ్బాయీ, ఆ అమ్మాయి అంటోంది, ఆదివారం తర్వాత వారం చాలా పొడుగ్గా ఉంటోందట."

"అవునని చెప్పండి" అన్నాను. ఆ రోజంతా నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

వెనకాల నిలబడి అంతా వింటున్న అమ్మ, "ఎవర్రా ఆ పిల్ల?" అంది.

"ఉందిలే. చాలా మెత్తటి పిల్ల. పల్లెత్తు మాట అనదు."

"పల్లెత్తు మాట అనకపోతే నీతో ఎలా వేగుతుంది?" అని అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

*

పోటీ బహుమతులిచ్చే రోజు వచ్చింది. ఒక కాలేజీ హాల్లో సభ. తాతగారు అంత దూరం రాలేకపోయారు. పిల్లని చూస్తానని అమ్మ కూడా బయల్దేరింది. నాకు ఒకటే భయం. నా మాటలన్నీ తాతగారి వంటకాలని ఆ అమ్మాయికి తెలిస్తే ఏమవుతుంది? అంత సాత్వికురాలు, మనసు ముక్కలైపోదూ? ముందే నిజం చెప్పేసి క్షమాపణ అడగాలని నిశ్చయించుకున్నాను.

హాల్లో అడుగుపెట్టగానే అందరూ నావైపు తిరిగి నవ్వారు. తెలియనివాళ్ళు కూడా వచ్చి చెయ్యి కలిపారు. ఎందుకో అర్థం కాలేదు.

ఆవిడకి రెండో బహుమతి వచ్చింది. వేదిక దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చింది. కాటన్ చీర, చేతికి పెద్ద వాచీ, నుదుటి మీద చెమట. కళ్ళెత్తి చూసి, నేను చూడగానే దించేసుకుంది. చాలా బావుంది. అందుకే నిజం చెప్పడం ఇంకా కష్టమైంది.

"మీతో ఒక విషయం చెప్పాలండీ" అన్నాను.

"నేను కూడా చెప్పాలి. ముందు నన్ను చెప్పనివ్వండి. మీరెంతో మంచిగా మాట్లాడుతుంటే నాకు తప్పు చేస్తున్నట్టుంది. నేనన్న మాటలు తాతగారు మార్చేవారండీ. నేనంత నెమ్మదిదాన్ని కాదు."

నాకు ఒక నిమిషం పట్టింది. "అంటే... మీవి కూడా?"

"కూడా అంటే?" అంది.

ఇద్దరం ఒకేసారి నవ్వేశాం. అక్కడితో ఆపి కాఫీ తాగడానికి వెళ్ళి ఉంటే ఈ కథ అక్కడే సుఖంగా ముగిసేది. కానీ నాకు కుతూహలం ఎక్కువ.

"ఇంతకీ మొదటి రోజు మీరేమన్నారు?" అన్నాను.

"వదిలేద్దురూ."

"పర్లేదు చెప్పండి, నేనేమీ అనుకోను."

ఆవిడ చెప్పేలోపే మా చుట్టూ మూగిన గుంపులోంచి ఒకాయన అందుకున్నాడు. "బుర్రకి కళ్ళజోడు పెట్టుకోమందయ్యా." ఇంకొకాయన, "తీగ కత్తిరిస్తానంది" అన్నాడు. ఇన్నాళ్ళూ మర్యాదగా నోరు కట్టుకున్నవాళ్ళందరికీ ఒక్కసారి గేటు తెరిచినట్టయింది. "ఈయనేం తక్కువా? వాళ్ళ నాన్న రాసిచ్చాడా అన్నాడుగా." "పొగరు కూడా అన్నాడు." ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పారు.

"పొగరా?" అంది ఆవిడ.

"బుర్రకి కళ్ళజోడా?" అన్నాను నేను.

"మరి అడగకుండా వచ్చి కూర్చుంటే?"

"అడిగాను."

"నాకు వినిపించలేదు."

"నీకు వినిపించకపోతే నేను అడగనట్టేనా?"

'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయిన సంగతి మాకు తెలియలేదు. అమ్మకి తెలిసింది. వెనక వరస కుర్చీలో కూర్చుని, సభలో జరిగినవాటన్నిటిలోకీ ఇదే బావున్నట్టు చూస్తోంది.

"సరే, మొదటి రోజు సంగతి పోనీ" అంది ఆవిడ, గొంతు తగ్గించి. "నా గొంతు ఒక్కసారి వినాలని ఉందన్నావు, ఆ మధ్య. అదైనా నీ మాటేనా?"

అది నేననలేదు. ఆ రోజు నేనన్నది, "సిగ్నలు ఎలా ఉందో కనుక్కోండి" అని మాత్రమే. అబద్ధం చెప్పి ఉండొచ్చు. కానీ అబద్ధాల వల్లే కదా ఇంత దూరం వచ్చాం అనిపించింది.

"కాదు" అన్నాను.

ఆవిడ ముఖంలో కోపం పోయింది. అది ఇంకా ఘోరంగా ఉంది. "అంటే ఇన్ని ఆదివారాల్లో నీ అంతట నువ్వు ఒక్క మంచి మాట కూడా అనలేదన్నమాట."

చుట్టూ అందరూ వింటున్నారు. నాకు రోషం పొడుచుకొచ్చింది. "నువ్వేమన్నా అన్నావా?"

"అన్నాను. ఒకటి అన్నాను. తాతగారు మార్చకుండా అందించింది అదొక్కటే. ఏదో నీకే తెలియాలి." బహుమతి కప్పు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

దారంతా అమ్మే మాట్లాడింది. "నిలబెట్టి కడిగేసిందిరా నిన్ను. మెత్తటి పిల్లంటే ఏమో అనుకుని హడలి చచ్చాను. ఈ పిల్లయితే నాకు నచ్చింది."

"నచ్చితే ఏం లాభం? ఇక నా మొహం చూడదు."

"ఎందుకు చూడదూ? నువ్వు వెళ్ళి నోరు విప్పితే చూస్తుంది."

ఆవిడ చెప్పిన ఆ ఒక్క మాట ఏదో ఇంటికి చేరకముందే నాకు తెలిసిపోయింది. వారం పొడుగ్గా ఉంటోందన్న మాట. పంచదార లేని మాట అదొక్కటే. దానికి నేనిచ్చిన జవాబు, "అవునని చెప్పండి." తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆదివారం సెట్టు పెట్టాను. తాతగారున్నారు. గొంతులో ఉత్సాహం లేదు. "తప్పు నాదే బాబూ. ఓడల్లో ఉన్నంతకాలం ఒక్క అక్షరం మార్చలేదు. మీరిద్దరూ చెరో మాటా అనుకుని శత్రువులైపోతారేమోనని భయమేసింది. మొదటి రోజు మార్చాక ఇక ఆపలేకపోయాను. ఇకమీదట నీ కబురు నేను మొయ్యను. నీది నువ్వే చెప్పుకో."

ఎలా చెప్పుకోవాలి? ల్యాబుకి ఫోన్ చేశాను. నా గొంతు వినగానే ఆవిడ, "పరగడుపున రావాలండీ" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఇంకెవరో ఎత్తి, మేడమ్ లేరన్నారు. వెనకాల మేడమ్ "లేనని చెప్పు" అనడం స్పష్టంగా వినిపించింది.

నెల గడిచింది. నేను అద్దాలు తప్పుగా అరగదీస్తున్నాను. ఒక పెద్దాయనకి దూరపు చూపు అద్దాలు దగ్గరికీ, దగ్గరివి దూరానికీ బిగించి ఇచ్చాను. "నువ్వు అన్నం తిని మనిషిలా ఉండకపోతే షాపు మూసుకోవాలి" అంది అమ్మ.

అప్పుడొచ్చింది పెద్ద పోటీ. పోటీ రోజు ఆవిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫ్రీక్వెన్సీలో ఉంటుంది. పోటీలో పిలిచినవాడు ఎవడైనా సరే, జవాబివ్వాలి. శత్రువైనా ఒక పాయింటే. ఫోన్ పెట్టేసినట్టు పెట్టేయడానికి లేదు. నాకు కావలసింది అదే. మా ఇంటినుంచి పిలిస్తే ఆవిడకి వినిపించదు కాబట్టి, దగ్గరికి వెళ్ళి పిలవాలి.

స్కూళ్ళకి వెళ్ళి పిల్లల కళ్ళు పరీక్ష చేయడానికి మాకు ఒక వ్యాను ఉంది. దాంట్లో సెట్టు, బ్యాటరీ పెట్టి, పైన పొట్టి యాంటెన్నా బిగించాను. తాళం తిప్పేసరికి పక్క సీట్లో అమ్మ ఉంది. ఒళ్ళో బ్యాగు.

"నువ్వెక్కడికి?" అన్నాను.

"నీ నోటి మీద నాకు నమ్మకం లేదు, పోనియ్" అంది.

వాళ్ళ ఊరి మొదట్లో లారీలు తూచే వేబ్రిడ్జి ఉంది. అక్కడ ఆపేశాను. "వాళ్ళ ఇంటికే పోవచ్చు కదా" అంది అమ్మ. పోకూడదు. మరీ దగ్గరనుంచి మాట్లాడితే ఆవిడ సెట్టుకి చెవుడొచ్చినట్టవుతుంది, నేను తప్ప ఇంకెవరూ వినిపించరు, క్యూ అంతా పోతుంది. పోయినసారి నా వల్లే రెండో బహుమతితో సరిపెట్టుకుంది. ఈసారి ఏమైనా సరే, ఆవిడకి ఒక్క పాయింటు కూడా నా వల్ల పోకూడదు.

చక్రం తిప్పాను. బుస లేదు. ఆవిడ గొంతు. "నంబరు తీసుకున్నాను, థాంక్యూ. తర్వాతివాళ్ళు." రక్తం తీసేటప్పుడు కూడా ఇలాగే ఉంటుంది కాబోలు. గాలంతా తోసుకుంటోంది, ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్నారు. ఆవిడ మాత్రం చెయ్యి పట్టి వరసలో నిలబెట్టినట్టు ఒక్కొక్కరినీ పంపిస్తోంది.

పిలిచాను. మళ్ళీ పిలిచాను. పొట్టి యాంటెన్నా, బక్క బ్యాటరీ. సముద్రాల అవతలివాళ్ళు గట్టిగా దిగుతున్నారు, ఊరి చివరనున్న నేను నలిగిపోతున్నాను. ఎండ నెత్తికెక్కింది. అమ్మ కొంగుతో విసురుకుంటోంది. ఇంకాసేపైతే బ్యాటరీ అయిపోతుంది. ఇప్పుడు కూడా చెప్పలేకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని నాకు తెలుసు. ఉన్న గొంతంతా పెట్టి పిలిచాను.

అప్పుడు ఆ రొదలోంచి తాతగారి గొంతు వినిపించింది. "అందరూ ఒక్క క్షణం ఆగండి. బలహీనమైన స్టేషను ఒకటి చాలాసేపట్నుంచి పిలుస్తోంది." అంతే. ఎవరో చెప్పలేదు, ఒక్క మాట కలపలేదు. అది ఎవరైనా చేయదగ్గ మర్యాదే.

అందరూ ఆగారు. ఒకరి తర్వాత ఒకరు కాదు, ఒక్కసారిగా. పోటీ నడిమధ్యలో అలాంటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

"ఎవరండీ, చెప్పండి" అంది ఆవిడ.

లైసెన్సుతో వచ్చిన నా రేడియో గుర్తు, కాల్‌సైన్, చెప్పాను.

తర్వాత, "మీ నంబరు?" అంది, రక్తం తీసే ముందు చేతికి పట్టీ బిగించేటప్పటి గొంతుతో.

నంబరు చెప్పాను. ఆవిడ తన నంబరు చెప్పింది. న్యాయంగా అక్కడితో అయిపోయింది. థాంక్యూ చెప్పి తప్పుకోవాలి.

"ఇంకొక్క మాట" అన్నాను. "ఇది నేనే అంటున్నాను, ఎవరూ అందించడం లేదు. నాకు కూడా వారం పొడుగ్గానే ఉంటోంది. నెల ఇంకా పొడుగ్గా ఉంది. నువ్వంటే నాకు చాలా ఇష్టం. చెప్పడం చేతకాక పెద్దాయన చేత చెప్పించుకున్నాను. కోపం నాకు ఇంకా అంతే ఉంది, అది పోయేది కాదు. ఈ ఇష్టం కూడా పోయేది కాదు."

"నీ వెనక ఎంతమంది క్యూలో ఉన్నారో తెలుసా?"

"తెలుసు."

"పోటీలో ఇలాంటివి మాట్లాడకూడదని తెలుసా?"

"తెలుసు."

"ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నావు?"

"మీ ఊరి వేబ్రిడ్జి దగ్గర."

"అంత దూరం వచ్చి అక్కడ ఆగావేం?"

"ఇంకా దగ్గరికొస్తే నీకు మిగతావాళ్ళు వినిపించరు. పోటీ పోతుంది."

ఆ క్యూలో ఒక్కడు కూడా దగ్గలేదు.

అమ్మ నా భుజం పొడిచింది. "ఆ గొట్టం ఇలా తే, నేను మాట్లాడతాను."

"లైసెన్సు లేనివాళ్ళు మాట్లాడకూడదే."

"అయితే నేను చెప్పింది నువ్వు చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మధ్యలో నీ తెలివితేటలు చూపించావంటే చూడు."

ఏం చేస్తాను? "మా అమ్మ కబురు, అందిస్తున్నాను" అన్నాను. అమ్మ ఒక్కొక్క ముక్కా చెబుతుంటే నేను మైకులో చెప్పాను. "వీడికి ముక్కు మీద కోపం. తిన్న పళ్ళెం తియ్యడు. మేడ మీద బట్టలారేసుకోవడానికి చోటు లేకుండా తీగలు కట్టాడు. అయినా మనసు మంచిది, నా కడుపున పుట్టాడని చెప్పడం లేదు. నెల రోజులుగా వీడి మొహం చూడలేక చస్తున్నాను. నీకు ఇష్టమైతే మీ వాళ్ళతో మాట్లాడతాను. లేదంటే ఇప్పుడే చెప్పెయ్ తల్లీ, వీణ్ణి తీసుకుని ఇంటికి పోతాను."

"ఆ పళ్ళెం సంగతి నిజమేనా?" అంది ఆవిడ.

"నిజమే" అన్నాను. అంతమంది ముందు అంతకన్నా సిగ్గుపడే రోజు ఇంకొకటి రాదు.

ఆవిడ నవ్వింది. పైకే నవ్వింది. నవ్వు ఆపుకుని, "అత్తయ్యకి చెప్పు" అంది.

నేను అమ్మవైపు చూశాను. నేను చెప్పనక్కర్లేదు, అమ్మకి వినిపించింది. కొంగుతో విసురుకోవడం ఆపేసింది.

"అత్తయ్యకి చెప్పు, ఎండలో వ్యానులో కూర్చోవద్దని. మా ఇల్లు పోస్టాఫీసు వెనక సందు. నాన్న ఇంట్లోనే ఉన్నారు, కాఫీ బాగా పెడతారు. నేను పోటీ అవగానే కిందికొస్తాను."

అమ్మ అప్పటికే బ్యాగు తీసుకుని దిగిపోయింది.

"మరి నేను?" అన్నాను.

"నువ్వు పోటీ అయ్యేదాకా అక్కణ్ణుంచి కదలకు. ఆ సెట్టుతో నా దరిదాపులకి వచ్చావంటే మర్యాద దక్కదు. సాయంత్రం రా." ఒక్క క్షణం ఆగింది. "తప్పకుండా రా." ఆ వెంటనే, "తర్వాతివాళ్ళు" అంది.

గాలి పగిలిపోయింది. అందరూ ఒకేసారి పడ్డారు, నంబర్లు మానేసి శుభాకాంక్షలు చెబుతున్నారు. ఎవరో ఈల వేశారు. తాతగారు ముక్కు చీదుకుంటున్నట్టు వినిపించింది. "శుభాకాంక్షలకి పాయింట్లు రావండీ, నంబర్లు చెప్పండి" అని ఆవిడ కసురుకుంటోంది.

సాయంత్రం దాకా ఆ వేబ్రిడ్జి దగ్గరే కూర్చున్నాను, లారీల దుమ్ములో, చక్రం ముట్టుకోకుండా. మైకు పక్కన పెట్టేశాను. ఆవిడ ఒక్కొక్కరినీ గదమాయిస్తూ పంపించేస్తోంది. మధ్యలో ఎవరూ అందించకుండానే ప్రతి అక్షరమూ స్పష్టంగా నాకు వినిపిస్తోంది.